తపస్సుకాలంలో వారానికో సాయంత్రం కలిసి భోజనం, తర్వాత వాక్యం: ఎలా నడపాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఈ తపస్సుకాలం (ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల లెంట్) నుంచి వారానికో సాయంత్రం విచారణలో (మన గుడి పరిధిలోని సంఘంలో) అందరూ కలిసి భోంచేసి, ఆ తర్వాత కాసేపు వాక్యం నేర్చుకునే కూడిక పెట్టమని ఫాదర్ గారు మీకు అప్పగించారు. నలభై మంది దాకా రావచ్చు. ఏ రోజు పెట్టాలి, ఏం వండాలి, ఎవరు బోధించాలి, మూడో వారానికే జనం పలచబడితే ఏం చేయాలి, ఆఖరి వారం పెద్ద విందు పెట్టమంటున్నారు కాబట్టి పెట్టాలా వద్దా అని మీ టెన్షన్.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఐదు వారాలు, వారంలో ఒకే రోజు, గంటన్నర. ఒక సూప్, రొట్టె, మంచినీళ్లు. పదిహేను నిమిషాలకి మించని బోధ, ఆ తర్వాత బల్లల దగ్గర అరగంట మాటలు. చెప్పిన టైముకి ముగించడం. తిండి ఎంత తగ్గిస్తే జనం అంత నిలబడతారు. వినడానికి తిరకాసుగా ఉంటుంది కానీ, పదకొండేళ్లుగా ఇవి నడుపుతున్నవాడిగా నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఎందుకంటారా? మొదటి ఏడాది మేము సరిగ్గా దీనికి ఉల్టా చేశాం. తలా ఒక వంటకం తెమ్మన్నాం. మొదటి వారం ఆరు వచ్చాయి, రెండో వారం పదకొండు. మూడో వారానికి ఎవరి గిన్నె ముందు ఖాళీ అయింది, ఎవరిది మూత కూడా తీయకుండా ఇంటికి వెళ్లింది అన్నది లెక్కలోకి వచ్చింది. హాలు నిండా వాసనలు, కబుర్లు, ఫోటోలు. బోధ మొదలుపెట్టేసరికి సగం మంది కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పటికి నేను దాన్ని విజయం అనే అనుకున్నాను.

ఆ రోజుల్లో ప్రతి పూజకీ తప్పకుండా వచ్చే ఒక పెద్దావిడ రెండో వారం తర్వాత కూడికకి రావడం మానేసింది. ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. ఈస్టర్ అయ్యాక గుడి మెట్ల దగ్గర కనిపిస్తే అడిగాను. "ఒట్టి చేతులతో ఎలా వచ్చేది బాబూ, తెచ్చేంత నా దగ్గర లేదు" అంది, నా వైపు చూడకుండా చెప్పు సర్దుకుంటూ. ఇందులో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. ఆ ఏడాది మూడో వారం మేము చదువుకున్నది కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, 11వ అధ్యాయం. కలిసి భోంచేయడానికి వచ్చినచోట ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడని, లేనివాళ్లని సిగ్గుపరుస్తున్నారని పౌలు మందలించే భాగం. చదువుకున్నాం, బాగుందని తలూపాం, పక్కనే పదకొండు గిన్నెలు.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాం. వారానికి నలుగురి జట్టు, ఒకటే వంట. సరుకులు విచారణ ఖర్చుతో వస్తాయి, ఎవరి పేరూ గిన్నె మీద ఉండదు. "నేనేం తేవాలి" అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే: "అరగంట ముందు రండి, చెంచాలు సర్దాలి." ఆ పెద్దావిడ ఇప్పుడు చెంచాల జట్టుకి పెద్ద. చెంచా బోర్లా పెడితే ఊరుకోదు.

ఏ రోజు? బుధవారం లేదా శుక్రవారం. ఈ రెండు రోజులకీ పాత వేళ్లే ఉన్నాయి. తొలి క్రైస్తవుల కాలపు చిన్న పుస్తకం దిదాఖే బుధ, శుక్రవారాల్లో ఉపవాసం ఉండమని చెబుతుంది. నా ఓటు బుధవారానికి. శుక్రవారం సిలువ మార్గం (యేసు సిలువ యాత్రని తలుచుకుంటూ చేసే ప్రార్థన) ఉంటుంది కదా, అందులోని పద్నాలుగు స్థలాలు నిదానంగా చేస్తే అరగంటకి పైనే పడుతుంది. దానికి భోజనం, బోధ, సంభాషణ కూడా తగిలిస్తే రెండు గంటలు దాటుతుంది, ఏదో ఒకటి నలిగిపోతుంది. మీ దగ్గర శుక్రవారం తప్ప కుదరదంటే సిలువ మార్గం ముందు, భోజనం తర్వాత పెట్టండి. ముందు భోజనం పెట్టి చూశాం. పన్నెండో స్థలం దగ్గర మోకరించినప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సగం బెంచీలు ఖాళీ.

తపస్సుకాలపు మొదటి రోజైన విభూతి బుధవారం నాడు మాత్రం మొదలుపెట్టకండి. అది ఉపవాస దినం, గుడిలో జనం కూడా ఎక్కువ ఉంటారు. ఆ తర్వాత వచ్చే మొదటి ఆదివారం దాటాక మొదలుపెట్టి, మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) ముందు వారంతో ఆపేయండి. సరిగ్గా ఐదు వస్తాయి. ఉదాహరణకి 2027లో విభూతి బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28. బుధవారాలైతే ఫిబ్రవరి 17, 24, మార్చి 3, 10, 17. ఈస్టర్‌కి ముందరి పవిత్ర వారంలో దేన్నీ ఇరికించొద్దు. పాటల వాళ్లు, బలిపీఠం సేవకులు, ఫాదర్ గారు అందరూ అప్పటికే అలిసిపోయి ఉంటారు.

ఉపవాసం రోజు భోజనమేంటని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు, జవాబు సిద్ధంగా పెట్టుకోండి. లాటిన్ రీతి కతోలికులకి ఇప్పుడున్న చట్టం ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయిన రోజులు రెండే, విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే). అది 18 నిండినవాళ్ల నుంచి 59 నిండేవరకు. ఆ రోజుల్లో కూడా ఒక పూట పూర్తి భోజనం ఉంది. మాంసం మానడం 14 నిండినవాళ్లందరికీ, తపస్సుకాలపు శుక్రవారాలన్నిటికీ. గుడ్లు, పాలు ఆ నిషేధంలోకి రావు. 1966లో ఆరవ పాల్ పోపు ఈ నియమాలని సడలించారు, 1983 నాటి కతోలిక చర్చి చట్ట సంపుటి వాటినే కొనసాగించింది. స్థానిక మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య కొన్ని వివరాలు మార్చే వీలుంది కాబట్టి ఫాదర్ గారిని ఒకసారి అడగండి. ఇంకో చిన్న సంగతి: శుక్రవారం నాడు మహోత్సవం (అన్నిటికన్నా పెద్ద స్థాయి పండుగ) పడితే మాంసం నియమం వర్తించదు. 2027లో పునీత జోజప్ప పండుగ మార్చి 19 శుక్రవారమే వస్తోంది. అయినా మీ గిన్నెలో మాంసం వెయ్యొద్దంటాను. నాలుగు వారాలు ఒకలా ఉండి ఐదో వారం మారిస్తే ఆ సాయంత్రమంతా దాని మీద చర్చతోనే గడిచిపోతుంది.

వంట గురించి మీరు ఎక్కువ అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. గింజలు, కూరగాయలు వేసిన చిక్కటి సూప్ ఒక్కటి చాలు. మాంసం ఉడికించిన నీళ్లు వాడకండి, వెన్న, మీగడ వేయకండి. దీనివల్ల ఒక లాభం ఉంది. తపస్సుకాలంలో మాంసంతో పాటు పాలు, గుడ్లు కూడా మానే ఆర్థడాక్స్ (తూర్పు క్రైస్తవ సంప్రదాయపు) స్నేహితులు వచ్చినా, శాకాహారులు వచ్చినా, అందరూ ఒకే గిన్నెలోంచి తినగలరు. విడిగా ఇంకో గిన్నె పెట్టిన క్షణం నుంచి రెండు బల్లలు తయారవుతాయి. ఆర్థడాక్స్ వాళ్లలో గట్టిగా పాటించేవాళ్లు తపస్సుకాలంలో శని, ఆదివారాలు కాని రోజుల్లో నూనె కూడా మానతారు. అలాంటివాళ్లు ఉన్నారని తెలిస్తే ఆ వారం నూనె లేకుండా వండండి, రుచికి పెద్ద తేడా రాదు.

లెక్క ఇలా వేసుకోండి. మనిషికి 350 మిల్లీలీటర్లు. నలభై మందికి 14 లీటర్లు. మూడో వంతు మంది రెండోసారి వడ్డించుకుంటారు, కాబట్టి 18 లీటర్లు. ఒకే పెద్ద గిన్నెకన్నా 9 లీటర్లవి రెండు మేలు, ఒకటి మాడినా ఇంకోటి ఉంటుంది (ఉంది, అనుభవమే). ఎండు గింజలు ఉడికాక సుమారు రెండున్నర రెట్లు అవుతాయి. ముందు రాత్రే నానబెట్టాలి. రాజ్మా వాడితే ఒక హెచ్చరిక: నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాలి. సరిగా ఉడకని రాజ్మాలో కడుపుని తిప్పేసే విషపదార్థం ఉంటుంది. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కుక్కర్లో పచ్చి రాజ్మా వేస్తే అది పోదు.

వేడి సూప్ వడ్డన అయ్యేవరకు 60 డిగ్రీలకి పైనే ఉండాలి. పొయ్యి ఆపేసి మూత పెడితే సరిపోదు, సన్న సెగ మీద ఉంచండి. మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, అదీ గిన్నెతో కాదు, వెడల్పాటి లోతు తక్కువ పాత్రల్లోకి పోసి. నాలుగో ఏడాది ఈ పని మేము చేయలేదు. సగం గిన్నె మిగిలితే, మర్నాడు అవసరమైనవాళ్లకి ఇద్దామని మూత పెట్టి పొయ్యి మీదే వదిలేశాం. పొద్దున్నే మూత తీస్తే పైన సన్నటి నురగ, గరిటె పెట్టి కదిపితే అడుగు నుంచి బుడగలు. తొమ్మిది లీటర్ల గిన్నెలో సగం మోరీలో పోశాం. పెద్ద గిన్నె నడిమధ్య చల్లారడానికి గంటలు పడుతుంది, ఆ గోరువెచ్చదనంలోనే సూక్ష్మక్రిములు పెరిగేది. ఆకలిగా ఉన్నవాడికి మన రొట్టెలో భాగం పెట్టడమే ఉపవాసమని యెషయా 58 చదువుకున్న రాత్రే ఇది జరిగింది. ఆ వారం వంట జట్టులో నేనూ ఉన్నాను.

అలర్జీల సంగతి: గిన్నె ముందు ఒక కాగితం నిలబెట్టి, అందులో వేసినవన్నీ రాయండి. "కూరగాయల సూప్" అని రాస్తే చాలదు. ఒకసారి చిక్కదనం కోసం ఒకరు చివరి నిమిషంలో వేరుశెనగ ముద్ద కలిపారు, మంచి ఉద్దేశంతోనే. ఒక తల్లి తన పిల్లాడి గిన్నెని పట్టుకుని "ఇందులో ఏమేం వేశారు" అని రెండోసారి అడగబట్టి బయటపడ్డాం. అప్పటి నుంచి కాగితం రాసేవాళ్లే ఆఖరున గరిటె పెడతారు, ఆ తర్వాత గిన్నెలో ఇంకేదీ పడకూడదు.

ఇక అసలు విషయం. భోజనం ఎర, బోధ అసలు పని అనే ఆలోచన చాలామందిలో ఉంటుంది. తిండి పెడితే వస్తారు, వచ్చాక వినిపిద్దాం అని. అలా అనుకున్నచోట జనం కూడా అలాగే అనుకుంటారు, తినేసి మెల్లగా జారుకుంటారు. భోజనం దగ్గరే నేర్చుకోవడం మొదలవ్వాలి. దీనికి నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆరో శతాబ్దంలో పునీత బెనడిక్టు రాసిన మఠ నియమావళిలోంచి తీసుకున్నాను. 38వ అధ్యాయంలో భోజనాల దగ్గర ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు మౌనంగా తినాలని ఉంది. ఎవరూ నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాకుండా పక్కవాళ్లే చూసి అందించాలట. చదివినవాళ్లు తర్వాత వంటవాళ్లతో, వడ్డించినవాళ్లతో కలిసి తింటారు. 48వ అధ్యాయంలో ఇంకో మాట ఉంది: తపస్సుకాలం మొదట్లో ప్రతి సన్యాసికీ ఒక పుస్తకం ఇస్తారు, దాన్ని మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదవాలి. చదువుతున్నారో లేదో చూడటానికి ఒకరిద్దరు పెద్దలు తిరుగుతూ ఉంటారు కూడా. ఆ భాగం మాత్రం మేము తీసుకోలేదు.

మేము చేసేది ఇది. ప్రార్థన అయ్యాక వడ్డన. అందరికీ గిన్నె అందాక పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, ఒకరు ఆ వారపు సువార్త భాగం నిదానంగా చదువుతారు, కాస్త ఆగి మళ్లీ చదువుతారు. మొదటిసారి పెట్టినప్పుడు నాకు చెమటలు పట్టాయి. చెంచాలు గిన్నెలకి తగిలే చప్పుడు, ఎవరో దగ్గడం, ఒక కుర్చీ కిర్రుమనడం. ఒక నాలుగేళ్ల పాప హాలంతా వినపడేలా "అమ్మా, ఇంకో రొట్టె" అంది. అందరూ నవ్వారు. ఎదురుగా కూర్చున్న ముసలాయన తన రొట్టె సగం తుంచి ఆ పాప వైపు జరిపాడు, మాట్లాడకుండా. ఆ తర్వాత మౌనం గురించి ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. చదివినవాళ్ల గిన్నె పక్కన మూతపెట్టి ఉంచడం మాత్రం మర్చిపోకండి, ఒక ఏడాది మర్చిపోయాం, పాపం ఒట్టి రొట్టె తిన్నారు.

ఆ పది నిమిషాలు అవ్వగానే మాటలు వాటంతటవే మొదలవుతాయి. ఇంకో పావుగంట తిననివ్వండి, తర్వాత పదిహేను నిమిషాల బోధ.

ఎవరు బోధించాలి? ఫాదర్ గారు ఐదు వారాలూ మాట్లాడక్కర్లేదు. మొదటి వారం ఆయన, మిగతా వారాల్లో ఉపదేశులు, మఠకన్యలు, వాక్యం బాగా చదివే మామూలు విశ్వాసులు. ఆయన మిగతా రోజుల్లో ఒక బల్ల దగ్గర కూర్చుని తింటే దాని విలువ వేరే. బయటి నుంచి వక్తని పిలవాలనే ఉత్సాహం ఉంటుంది, జాగ్రత్త. మేము ఒకసారి బాగా చదువుకున్న ఒకాయన్ని పిలిచాం. పదిహేను నిమిషాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాను. డెబ్భై నిమిషాలు మాట్లాడారు. విషయం మంచిదే, నేనే నోట్సు రాసుకున్నాను. కానీ పిల్లలు బల్లల మీద తల పెట్టి నిద్రపోయారు, బల్లల దగ్గర ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు, తర్వాతి వారం తొమ్మిది మంది తగ్గారు. ఇప్పుడు పిలిచే ప్రతివాళ్లకీ ముందే చెప్తాం: పద్నాలుగో నిమిషంలో పక్కనే ఒకరు నీళ్ల గ్లాసు తెచ్చి పెడతారు, అదే గుర్తు. ఎవరూ నొచ్చుకోలేదు ఇంతవరకు.

ఏం బోధించాలన్నదానికి సులువైన దారి ఆదివారం సువార్తలే. వేరే పాఠ్యప్రణాళిక కోసం వెతకొద్దు. ఆదివారం పఠనాలు ఎ, బి, సి అని మూడేళ్ల వరుసలో తిరుగుతాయి. 'ఎ' సంవత్సరంలో ఐదు ఆదివారాలూ ఒక దండలా ఉంటాయి: ఎడారిలో శోధన, దివ్యరూప ధారణ, బావి దగ్గర సమరయ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు. ఈస్టర్ రాత్రి జ్ఞానస్నానం పొందేవాళ్లని సిద్ధం చేయడానికి చివరి మూడింటినీ ఎప్పటి నుంచో వాడుతున్నారు. మీ విచారణలో జ్ఞానస్నానార్థులుంటే ఏ సంవత్సరమైనా ఇవే వాడుకోవచ్చు, వాళ్లనీ ఈ బల్లల దగ్గరికే తీసుకురండి. 2027 'బి' సంవత్సరం. అప్పుడు మూడో ఆదివారం నుంచి ఆలయ శుద్ధి, నికొదేముతో మాటలు, భూమిలో పడి చనిపోయే గోధుమ గింజ వస్తాయి. గోధుమ గింజ చదివిన సాయంత్రం చేతిలో రొట్టె ఉంటే బోధకుడి పని సగం అయిపోయినట్టే.

బల్ల దగ్గర వేసే ప్రశ్న ఒక్కటే ఉండాలి, అది వాక్యంలో కనిపించే వస్తువు గురించో పని గురించో అయ్యుండాలి. ఇక్కడ చాలా కూడికలు చతికిలపడతాయి. "ఈ వాక్యం మీ జీవితానికి ఏం చెబుతోంది?" అని అడిగితే బల్లంతా కిందకి చూస్తుంది, చివరికి రోజూ మాట్లాడే మనిషే మాట్లాడతాడు. అదే యోహాను 4 చదివాక, "ఆమె నీళ్ల కోసం వచ్చింది కదా, మరి కుండ అక్కడే వదిలేసి ఊళ్లోకి ఎందుకు పరిగెత్తింది?" అని అడిగి చూడండి. ఒకరు మర్చిపోయిందంటారు. ఒకరు మళ్లీ వస్తానని గుర్తుగా పెట్టిందంటారు. మా దగ్గర ఒక అమ్మాయి, అంతకు ముందు రెండు వారాలూ నోరు తెరవనిది, "ఆయనకి దాహంగా ఉంది కదా, తాగుతాడని వదిలేసిందేమో" అంది. నేను ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఆ ఆలోచన నాకు రాలేదు.

అలాగే యోహాను 9లో చూపు వచ్చిన కుర్రాడి తల్లిదండ్రులు "వాడికి వయసొచ్చింది, వాణ్నే అడగండి" అని తప్పుకుంటారు. వాళ్లు భయపడ్డారు సరే, మీరైతే ఏమనేవారు? యోహాను 11లో లాజరుని లేపేది యేసే, కానీ రాయి పక్కకి తీసిందీ కట్లు విప్పిందీ వేరేవాళ్లు. ఎందుకలా వాళ్లతో చేయించాడు? ఇలాంటివి. ప్రశ్నని చిన్న కాగితం మీద రాసి బల్లకొకటి పెట్టండి. రెండో ప్రశ్న ఉందని తెలిస్తే మొదటిదాన్ని తొందరగా వదిలించుకుంటారు, కాబట్టి రాయొద్దు.

ప్రతి బల్లకీ ఆరు లేక ఏడుగురు, అందులో ఒక ఆతిథేయి. ఈ మనిషి బోధకుడు కాదు. ఆయనకి మూడు పనులు: కొత్తగా వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం, ఒకరే మాట్లాడుతుంటే "మరి మీరేమంటారు" అని పక్కవాళ్ల వైపు తిరగడం, విచారణ గొడవలు మొదలైతే వాక్యం వైపు లాగడం. మూడోది అవసరం పడుతుంది, చూడండి. పాటల బృందం గురించో, స్థలం లెక్కల గురించో ఎవరో ఒకరు ఎత్తుతారు. "అది ఆదివారం పూజ అయ్యాక మాట్లాడుకుందాం" అన్న ఒక్క వాక్యం అన్ని బల్లల ఆతిథేయులకీ నేర్పిపెట్టండి. ఇంటి మనుషులు ఒకే బల్ల దగ్గర గుంపుగా కూర్చోకుండా, లోపలికి రాగానే బల్ల నంబరు చీటీ ఇవ్వడం మంచిది. చిన్నపిల్లలు, కొత్తగా వచ్చి బెరుకుగా ఉన్నవాళ్లు తమవాళ్ల దగ్గరే ఉంటే తప్పేం లేదు.

పిల్లల సంగతి ఒక ముక్కలో: భోజనం, మౌనపఠనం అందరితో కలిసే. బోధ మొదలయ్యాక పదేళ్ల లోపువాళ్లని పక్క గదిలో అదే సువార్తతో బొమ్మలు గీయించండి, ముగింపు ప్రార్థనకి వెనక్కి తీసుకురండి.

మూడో వారం జనం తగ్గుతారేమో అన్నారు. తగ్గుతారు, ఖాయం. మొదటి వారం కుతూహలంతో వచ్చినవాళ్లు కొందరు రారు, మాకు ప్రతి ఏడూ అంతే. మళ్లీ మళ్లీ గుడిలో ప్రకటన చేస్తే ఫలితం రాలేదు. రెండు పనులు మాత్రం పనిచేశాయి. మొదటిది, వచ్చినవాళ్లకి వచ్చే వారం పని అప్పగించి పంపడం. "వచ్చే వారం కూడా రండి" అంటే సరే అంటారు, మర్చిపోతారు. "వచ్చే వారం రెండో పఠనం మీది" అంటే వస్తారు. గిన్నెలు తోమడం, తలుపు దగ్గర పలకరించడం, నడవలేని పెద్దవాళ్లని బండిలో తీసుకురావడం, నలభై మందికి పదిహేను పనులైనా దొరుకుతాయి. రెండోది, రానివాళ్లకి మర్నాడే బల్ల ఆతిథేయి ఫోన్ చేయడం. ఎందుకు రాలేదని అడగకూడదు, "మీ కుర్చీ ఖాళీగా ఉంది, బాగున్నారా" అని చాలు. ఇలా చేసినప్పుడు ఒకాయన భార్య ఆసుపత్రిలో ఉందన్న సంగతి విచారణలో మొట్టమొదట తెలిసింది మా ఏడో నంబరు బల్లకి.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ అడగాల్సింది. తినే భోజనానికి ధర పెట్టకండి. తలుపు దగ్గర ఒక డబ్బా ఉంచండి, ఆ పూట సాదా భోజనం వల్ల మిగిలింది అందులో వేయమనండి. ఇదీ పాత సంప్రదాయమే. ఐదో శతాబ్దంలో పోపు మహా లియో తన తపస్సుకాలపు ప్రసంగాల్లో, మనం మానుకున్నది పేదలకి చేరాలని పదే పదే చెప్పాడు. ఈ కాలంలో దానికి పేరుపడ్డ రూపం అమెరికా కతోలికుల అట్టపెట్టె, రైస్ బౌల్ అంటారు. 1975లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ మేత్రాసనంలో (బిషప్పు పాలించే ప్రాంతంలో) మొదలైంది. అందులో నాలుగో వంతు స్థానిక మేత్రాసనంలోనే ఖర్చు పెడతారు, మిగతాది ఇతర దేశాలకి వెళ్తుంది. మీరు ఎవరికి ఇవ్వాలన్నది మొదటి వారమే నిర్ణయించి, పేరు రాసి డబ్బా మీద అంటించండి. ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి, మొత్తం ఎంతో వచ్చే వారం చదివి వినిపించాలి. మేము మొదటి ఏడాది ఈస్టర్ దాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. డబ్బు చేరాల్సినచోటికే చేరింది, అయినా గుసగుసలు బయలుదేరాయి, వాటిని తుడవడానికి రెండేళ్లు పట్టింది. తప్పు పూర్తిగా మాదే.

పక్కన వేరే సంఘాల వాళ్లుంటే పిలవండి. లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో చాలాచోట్ల లెంట్ రోజుల్లో వారం మధ్యలో సూప్ భోజనం, ఆరాధన అలవాటే, వాళ్ల దగ్గర నేర్చుకునేది చాలా ఉంది. నాలుగో వారం మా సూప్ వండేది పక్క సంఘం పాస్టర్ గారి జట్టు. ఉప్పు కొంచెం ఎక్కువ వేస్తారు, అంతకు మించి ఫిర్యాదులు లేవు.

టైము విషయంలో మాత్రం మొండిగా ఉండండి. ఆరున్నరకి తలుపులు తెరిస్తే ఎనిమిదికి ముగింపు ప్రార్థన. చర్చ ఎంత రసవత్తరంగా ఉన్నా సరే. అరగంట ఎక్కువ కూర్చోబెట్టిన రోజు అందరూ బాగుందనే అంటారు, కానీ పొద్దున్నే ఉద్యోగానికి వెళ్లాల్సినవాళ్లు తర్వాతి వారం ఆలోచనలో పడతారు. ఇంకా మాట్లాడుకోవాలనుకున్నవాళ్లు గిన్నెలు తోమే దగ్గర మాట్లాడుకుంటారు. నేను విన్న మంచి మాటలు కొన్ని ఆ సింకు దగ్గర విన్నవే, తడి చేతులతో ఉన్నప్పుడు మనుషులు దాచుకోరు ఎందుకో.

ఇక ఆఖరి వారం పెద్ద విందు. వద్దు. మొదటి నాలుగు వారాలు ఏ సూప్, ఏ రొట్టె పెట్టారో ఐదో వారమూ అదే పెట్టండి. ఉత్సాహంగా ముందుకొచ్చినవాళ్లని నిరాశపరచకుండా, వాళ్ల పేర్లు రాసుకుని ఈస్టర్ తర్వాతి వారానికి తేదీ ఇచ్చేయండి. తలా ఒక వంటకం కాకుండా, ఆ విందు కూడా జట్లుగానే వండించండి. ఈస్టర్ కాలం యాభై రోజులు ఉంటుంది, తొందరేం లేదు.